వడ్లగింజ కొరికిన పన్ను

మల్లెలవాగులో రామయ్య అనే పేరున్నవాళ్లు నలుగురు. భద్రాచలానికి అంత దగ్గర్లో ఉన్న ఊరికి ఆ మాత్రం లేకపోతే బాగుండదు. గుర్తు కోసం ఊరు వాళ్లకు తలా ఒక మాట తగిలించింది: ట్రాక్టరు రామయ్య, మేకల రామయ్య, చెరువు రామయ్య, పన్ను రామయ్య. ఈ నాలుగో ఆయన అసలు పేరు చెంచురామయ్య.

ఒక్క పన్నే ఉండి వచ్చిన పేరు కాదది. అరవయ్యో ఏట కూడా ఆయన నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. వాటిలో కుడివైపు కింద, చివరినుంచి రెండో దవడపన్ను ఊరికి పనికొచ్చేది.

వడ్లు కోసి కళ్లంలోనో తారు రోడ్డు మీదనో ఆరబోసిన తర్వాత అవి ఎండాయా లేదా అన్నది తేలాలి. తేమ పదిహేడు దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. కేంద్రాన్ని మహిళా సంఘం నడుపుతుంది, సంఘానికి పెద్ద భవాని. ఆమె దగ్గర తేమ చూసే మిషను ఉంది. పిడికెడు గింజలు పోస్తే అంకె చూపిస్తుంది. కానీ కేంద్రం ఊరికి ఆరు కిలోమీటర్లు. ప్రతివాళ్లూ పూటకోసారి గింజలు మూటగట్టుకొని వస్తే అక్కడ జాతరే. అందుకని భవాని ఒక కట్టడి పెట్టింది. ముందు పన్ను రామయ్య కొరకాలి. ఆయన సరే అంటేనే మిషను.

గింజ కొరికి చూడటం రైతులందరికీ తెలిసిన పనే. చెంచురామయ్య పద్ధతి వేరు. నోరు పుక్కిలించుకుంటాడు. తూర్పుకు తిరిగి మనసులో శ్రీరామా అనుకుంటాడు. కుప్ప పైనుంచి ఒకటి, నడుమనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి, మూడు గింజలు తీసి ఒక్కొక్కదాన్నే ఆ పంటి కింద పెట్టి నొక్కుతాడు. ఎండిన గింజ టక్కుమని రెండవుతుంది. పచ్చిగింజ చప్పుడు లేకుండా నలుగుతుంది. మూడూ టక్కుమంటే "పోవచ్చు" అంటాడు. లేకపోతే "ఇంకో రెండు రోజులు" అంటాడు. కళ్లంలో ఆయన నోట మూడో మాట ఎవరూ వినలేదు.

పదకొండేళ్లుగా ఆయన పొమ్మన్న వడ్లను మిషను ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు. మిషను తప్పినా రామయ్య పన్ను తప్పదని భవానే నలుగురిలో అన్నది. ఆయన వద్దన్న వడ్లను మిషను ఎన్నడూ చూడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆయనకు కూడా తట్టలేదు.

నిరుటి యాసంగిలో, ఎండాకాలం కోతలప్పుడు, ఆయన జంపక్క వడ్లు కొరికాడు.

ఊరు దాటి అడవి మొదలయ్యే చోట పై గుంపు అనే గూడెం ఉంది. అక్కడుండేవాళ్లు కోయవాళ్లు. జంపక్క పెనిమిటి పోయి చాలాకాలమైంది. కొడుకు మణుగూరు గనుల దగ్గర కాంట్రాక్టు పనిలో ఉంటాడు. కోడలు దుర్గను వెంటబెట్టుకొని ఆమె వాగు కింద రెండెకరాలు చేస్తుంది. ఇప్పపూల కాలంలో ఇప్పపూలు, తునికాకు కాలంలో తునికాకు. చిన్నా పెద్దా ఎవరినైనా నువ్వు అనే అంటుంది. ఒకసారి కలెక్టరుతో కూడా "నువ్వు కూసో, నిలబడితే కాళ్లు గుంజుతయి" అన్నదట. ఆయన కూర్చున్నాడట.

ఆ రోజు చెంచురామయ్య ఆమె కుప్పలోంచి మూడు గింజలు తీశాడు. మొదటిది చప్పుడు కాలేదు. రెండోదీ కాలేదు. మూడోదీ అంతే.

"ఇంకో రెండు రోజులు," అన్నాడు.

"నేను కొరికి చూసిన రామయ్యా," అన్నది జంపక్క. "పటుక్కుమన్నయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ట్రాక్టరు రామయ్య, "నీ పన్ను లెక్కకు రాదు జంపక్కా, దానికి సర్కారు ముద్ర లేదు," అన్నాడు. ఆమె ఇంకో గింజ తీసి అందరి ఎదురుగా కొరికింది. ఆ చప్పుడు చెంచురామయ్యకు కూడా వినబడింది. ఒక్క గింజతో తేలేది కాదనుకొని ఆయన తర్వాతి కుప్ప దగ్గరకు నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ అనుకోని వాన పడింది. అది పోతూ పోతూ నాలుగు రోజులు ముసురు పెట్టింది. కుప్ప మీద కప్పిన జంపక్క పట్టా పాతది, నీళ్లు కిందకి దిగాయి. ఐదో రోజు పట్టా ఎత్తి చూస్తే కుప్ప మీద పచ్చగా మొలకలు. భవాని వచ్చి చూసి తల అడ్డంగా ఊపి వెళ్లింది. కొంత కోళ్లకు పోయింది, కొంత వాళ్లే ఉడకబెట్టుకున్నారు, మిగిలింది వాగు ఒడ్డున పోశారు. జంపక్క ఎవరితోనూ కొట్లాడలేదు. దారిలో ఎదురైనప్పుడు చెంచురామయ్యను "తిన్నవా" అని అడగడం మానేసింది. అంతే.

వాన తన చేతిలో ఉందా అని ఆయన అనుకున్నాడు. అనుకోవడానికి అది మంచి మాటే. అయితే దాని అడుగున ఇంకో సంగతి ఉంది. దాన్ని ఆయన తనలో తాను కూడా పైకి తీయలేదు. నిరుడు మాఘమాసం నుంచే ఆ పన్ను నొప్పి పెడుతోంది.

చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. గట్టిగా నొక్కితే చెవి దాకా లాగేది. ఈ సంగతి ఊరికి తెలిస్తే ఎట్లా? కుంటి ఎద్దును అరకకు ఎవరు కడతారు? అందుకని ఆయన నోరు మూసుకొని, మెల్లగా కొరకడం అలవాటు చేసుకున్నాడు.

భార్య సుబ్బరత్నం దగ్గర దాచడం కుదరలేదు. అన్నం ఎడమ బుగ్గకు నెట్టడం ఆమె మూడో ముద్దకే పట్టేసింది. లవంగం పెట్టించింది, కర్పూరం పెట్టించింది. చివరికి నిప్పుల మీద వాకుడు గింజలు వేసి, బొప్పాయి ఆకు గొట్టంతో ఆ పొగ పంటికి పట్టించింది. పొగకు పంటిలో పురుగు రాలుతుందని వాళ్లమ్మ చెప్పేది. కింద పెట్టిన విస్తరాకులో నిజంగానే తెల్లటిదేదో పడింది. చెంచురామయ్య కళ్లజోడు పెట్టుకొని చూశాడు. అది పేలిన వాకుడు గింజలోంచి ఊడిన మొలకలాగా ఉంది. కానీ పురుగు పడిందని ఇల్లాలు అంత సంతోషంగా ఉన్నప్పుడు కాదనడం ఎందుకని ఊరుకున్నాడు. నొప్పి కూడా రెండు రోజులు ఊరుకొని మళ్లీ వచ్చింది.

ఈ ఏడు ఫాల్గుణంలో వేడి అన్నం కూడా నోట పెట్టలేకపోయాడు. ఇంకో నెలకు కోతలు. స్వామి దర్శనానికి వెళ్తున్నానని ఊళ్లో చెప్పి ఎనిమిది గంటల బస్సెక్కాడు. అబద్ధం కాకూడదని ముందు దర్శనమే చేసుకున్నాడు. గోదావరిలో కాళ్లు కడుక్కొని, గుడి మెట్లెక్కి, స్వామి ఎదుట నిలబడి చాలాసేపు ఏమీ అడగలేదు. పన్ను గురించి అడగడం మర్యాద కాదేమో అనిపించింది. ఆ తర్వాత మెట్లు దిగి, బస్టాండు వెనక వీధిలో పళ్ల దవాఖానాకు పోయాడు.

డాక్టరు పద్మప్రియకు ముప్పై ఏళ్లుంటాయి. మధిర వైపు పిల్ల. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచి కుర్చీలో వెనక్కి వాల్చింది. నోట్లో బిళ్లంత ఫిలిం పెట్టి ఫోటో తీసి తెర మీద చూపించింది. దవడపంటి నడుమ నల్లటి నీడ కనబడింది.

"పురుగు ఇంకా ఉందా అమ్మా?" అని అడిగాడు చెంచురామయ్య.

పురుగు ఎప్పుడూ లేదని ఆమె చెప్పింది. కంటికి కనపడనంత చిన్న క్రిములు అందరి నోట్లోనూ ఉంటాయి. మనం తిన్న తీపినే అవీ తిని, పులుపు వదులుతాయి. ఆ పులుపుకు పంటి పైపెంకు కొద్దికొద్దిగా కరుగుతుంది. పెంకు గట్టిది కాబట్టి పైన చిన్న రంధ్రమే పడుతుంది. లోపలిది మెత్తన కాబట్టి అక్కడ గుంట పెద్దదవుతుంది. కొన్నాళ్లకు పైకప్పు కూడా కూలుతుంది.

"చెదలు తలుపును తిన్నట్టు," అన్నాడాయన.

"అదే. తీపి ఏమైనా ఎక్కువసేపు నోట్లో పెట్టుకుంటారా?"

చెంచురామయ్య కొంచెం ఆలోచించాడు. ఆయన రోజూ పొద్దున రెండు గంటలు రామకోటి రాస్తాడు. రాసేటప్పుడు లోకం మాటలు నోటికి రాకుండా కుడి బుగ్గన పటికబెల్లం ముక్క పెట్టుకుంటాడు. పద్నాలుగేళ్ల అలవాటు. "తీపి అంటే, ప్రసాదం," అన్నాడు.

"ప్రసాదమైనా పన్ను పుచ్చుతుంది బాబాయిగారూ. చప్పరించకుండా తినేసి, నీళ్లతో పుక్కిలించండి."

ఆయన కుర్చీలో పడుకునే ఉండి ఆలోచనలో పడ్డాడు. పటికబెల్లం రాముడిది. పన్ను రాముడు ఇచ్చింది. ఈ క్రిములు మాత్రం ఇంకెవరివి? మరి గుంట ఎవరు పెట్టినట్టు? ఇది భద్రాచలంలో తేలే సంగతేమో గానీ ఈ కుర్చీలో తేలేది కాదని వదిలేశాడు.

డాక్టరు సన్నటి కొక్కెంతో గుంటను తడిమి, ఏదో బయటికి తీసి, లైటు కింద పెట్టి చూసింది. "పొట్టులా ఉందే. ఈ వైపు ఏం తింటారు?"

"వడ్లు."

"బియ్యమా?"

"వడ్లేనమ్మా. తినను. కొరుకుతాను." ఊళ్లో తన పని ఏమిటో ఆయన వివరంగా చెప్పాడు. ఆమె చివరిదాకా విని కాగితం మీద ఏదో రాసుకున్నది.

"ఏమనుకోకండి," అన్నది తర్వాత. "ఈ గుంట సరిగ్గా వడ్లగింజ పట్టేంత ఉంది. ఇందులో పెట్టి కొరికితే గింజ గుంటలోకి దిగిపోతుంది, పైపన్ను దానికి ఆనదు. ఇంకోటి కూడా ఉంది. నొప్పి ఉన్నచోట మనిషి గట్టిగా నొక్కడు. నొక్కాననే అనుకుంటాడు."

చెంచురామయ్య లేచి కూర్చున్నాడు. చొక్కా జేబులో చేయి పెట్టాడు. ఆ జేబులో ఏడాది పొడుగునా నాలుగు గింజలు ఉంటాయి, విత్తనాల గుమ్మిలోవి, నాలుగు నెలలుగా ఎండినవి. ఒకటి తీసి కుడివైపు పెట్టి నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోటి తీసి ఎడమవైపు పెట్టి నొక్కాడు. టక్కుమన్నది. మళ్లీ కుడివైపు. చప్పుడు లేదు. మళ్లీ ఎడమవైపు. టక్కుమన్నది. గింజలు అయిపోయాయి. ఊసేయడానికి అక్కడ తొట్టి ఉంది కాబట్టి అందులో ఊశాడు.

"ఈ గుంట పడి ఎన్నాళ్లయి ఉంటుందమ్మా?"

"తారీకు చెప్పలేను. ఇంత కావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు."

ఆయన నిరుటి యాసంగి దాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు నెలలు. ఎట్లా లెక్కపెట్టినా పదకొండే వచ్చింది.

నరం దాకా పోలేదు కాబట్టి నింపితే సరిపోతుందని డాక్టరు చెప్పింది. పోయుంటే పని పెద్దదయ్యేదట. మళ్లీ దానంతట అదే పూడదా అని ఆయన అడిగాడు. చర్మం తెగితే మానుతుంది, పన్నుకు ఆ గుణం లేదని ఆమె అన్నది. పుచ్చినంత మేరా తీసేసి, శుభ్రం చేసి, నింపడమే. కొంచెం పుచ్చు లోపల వదిలి పైన నింపితే లోలోపల మళ్లీ మొదలవుతుంది. ఈ మాట చెంచురామయ్యకు పన్ను గురించి మాత్రమే చెప్పినట్టు అనిపించలేదు. కానీ ఆ పిల్లకు వేరే ఉద్దేశం ఏముంటుంది?

"నింపాక టక్కుమంటుందా?"

"మామూలు పన్నులాగే ఉంటుంది. కానీ ఇకమీద గట్టి గింజలు కొరక్కండి." పంచాంగంలో వర్షాల గురించి చెప్పినప్పుడు ఊపినట్టే దీనికీ తల ఊపాడు.

సూది వేస్తే బుగ్గ మొద్దుబారింది. సన్నటి డ్రిల్లు కీచుమంటూ దిగింది. ఒక పక్కనుంచి నీళ్లు చిమ్ముతుంటే ఇంకో పక్కనుంచి గొట్టం ఆ నీళ్లను లాగేస్తున్నది. పుచ్చంతా పోయాక నీలం జెల్లు పూసి, కడిగి, గాలి కొట్టి, చుట్టూ దూది పెట్టి పంటిరంగు ముద్ద కొద్దిగా పెట్టారు. దాని మీద నీలం లైటు పట్టారు. మళ్లీ కొద్దిగా ముద్ద, మళ్లీ లైటు. లైటు తగిలితే ముద్ద రాయి అవుతుందట. చెంచురామయ్య అంతసేపూ లోపల రామనామం చేస్తూనే ఉన్నాడు. లెక్క తప్పింది గానీ నామం తప్పలేదు.

చివర్లో రంగు కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమన్నది. ఎత్తుగా తగులుతోందా అని అడిగింది.

"వడ్లగింజలో మూడో వంతు ఎత్తు," అన్నాడు, మొద్దుబారిన నోటితోనే. ఆమె కొంచెం అరగదీసింది. మళ్లీ కొరికాడు. "ఇప్పుడు నూకంత." ఇంకొంచెం అరగదీసింది. "పొట్టు మందం." మళ్లీ అరగదీసింది. "సరిపోయింది." ఆరేళ్లలో ఇంత సరిగా చెప్పినవాళ్లు లేరని ఆమె మెచ్చుకున్నది. ఆ మెప్పుకు సంతోషపడే స్థితిలో ఆయన లేడు.

ఇంటికొచ్చి సుబ్బరత్నానికి అంతా చెప్పాడు. ఆమె పప్పు రుబ్బుతూ విన్నది.

"అయితే ఏమిటంటారు?" అన్నది.

"జంపక్క వడ్లు ఎండే ఉన్నాయి."

"వాన మీరు కురిపించారా? తెలియక చేసినదానికి పాపం లేదంటారుగా."

"తెలియక కాదు. నొప్పి ఉందని తెలుసు."

"నొప్పి తెలుసు, గుంట తెలియదుగా. ఎవరూ అడగని సంగతి మీరెందుకు చెప్పుకోవడం? ఊళ్లో ఆ ఒక్క మర్యాదే ఉంది మనకి. అరవై ఏళ్లుంటున్నా ఇప్పటికీ ఆంధ్రోళ్లనే అంటారు. పన్ను మాత్రమే మల్లెలవాగుది."

అందులో నిజం ఉంది. ఆయన పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు. మర్నాడు పటికబెల్లం లేకుండా రామకోటికి కూర్చుంటే పేజీ కదల్లేదు. గుంట ఉందని రాముడికి తెలుసు కదా, తెలిసీ తన చేత ఆ మాట ఎందుకు పలికించాడు? చెప్పి ఉండొచ్చు కదా? ఆ మాటకొస్తే చెప్పనే చెప్పాడేమో. కొరికినప్పుడల్లా చెవి దాకా లాగి చెప్పాడు. వినిపించుకోకుండా మెల్లగా కొరికింది తానే.

ఆ నెలలో ఆయన మూడుసార్లు పై గుంపుకు బయల్దేరాడు. ఒకసారి వాగు దాకా వెళ్లి ముఖం కడుక్కొని వచ్చాడు. ఒకసారి మేకల రామయ్య ఎదురై ఎక్కడికని అడిగితే తనకూ తెలియదన్నాడు. మూడోసారి జంపక్క గుడిసె కనబడేదాకా వెళ్లాడు. ఆమె ఇంట్లో లేదు. లేకపోవడం చూసి తనకు కలిగిన తేలిక ఆయనకే నచ్చలేదు.

ఇంతలో కోతలు వచ్చాయి. రోడ్డు పొడుగునా కుప్పలు పడ్డాయి. మొదటి రోజు ఆరుగురు పిలిచారు. చెంచురామయ్య వచ్చి, నోరు పుక్కిలించి, తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. గింజ తీయలేదు. ట్రాక్టరు రామయ్య, మేకల రామయ్య, ఇంకో పదిమంది ఉన్నారు. చివరి కుప్ప దగ్గర జంపక్క, దుర్గ ఉన్నారు.

"కొరికే ముందు ఒక మాట చెప్పాలి," అన్నాడు. అదే మూడో మాట కాబట్టి అందరూ ఆగారు. "నిరుడు జంపక్క వడ్లు ఎండే ఉన్నాయి. నా పన్ను పుచ్చి గుంట పడింది. గింజ అందులోకి దిగి చప్పుడు కాలేదు. గుంట సంగతి నాకు తెలియదు. నొప్పి సంగతి తెలుసు. తెలిసీ మీకెవరికీ చెప్పలేదు."

రోడ్డు మీద ఒక కాకి వచ్చి గింజలు తిని పోయింది, దాన్ని తోలాలని కూడా ఎవరికీ తోచలేదు.

"అంటే నిరుడు నావి ఉత్తగనే నాలుగొద్దులు ఎక్కువ ఎండబెట్టించినవా?" అన్నాడు ట్రాక్టరు రామయ్య.

"అవ్," అన్నాడు చెంచురామయ్య. అరవై ఏళ్లలో ఆయన ఊరివాళ్లలాగా అవ్ అనడం అదే మొదలు.

"తూకం తగ్గితే దారిల ఒలకబోసిందని నేను ట్రాక్టరును తిట్టిన," అని ట్రాక్టరు రామయ్య బాధపడ్డాడు.

జంపక్క కుప్ప దాటి వచ్చింది. "నోరు తెరువు," అన్నది. చెంచురామయ్య తెరిచాడు. ఆమె ఎండ పడేటట్టు ఆయన గడ్డం పట్టి అటు తిప్పి లోపలికి చూసింది. తర్వాత దుర్గ చూసింది. తర్వాత మిగిలినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు చూశారు. మేకల రామయ్య రెండుసార్లు చూశాడు.

"ఏది, గుంట లేదుగ?" అన్నది జంపక్క.

"నింపారు. ఒక తీరు లప్పం. లైటు పెడితే రాయి అవుతుంది."

"నీ పంటి గుంటకు లప్పం పెట్టిండ్రు," అన్నది ఆమె నెమ్మదిగా. "నా గుమ్మి ఏడాదంత గుంటనే ఉండె."

తన వడ్లలోంచి ఆమె గుమ్మి నింపుతానని చెంచురామయ్య చెప్పాడు. నిన్ననే అనుకొని వచ్చిన మాట అది. ఆమె ఒప్పుకోలేదు.

"అవి నీయి. నాయి మొలకెత్తినయి. నేను కొరికి చెప్పిన మాట ఒకటుండె, అది గూడ వాటితోనే పోయింది." ఆమె కాసేపు రోడ్డు వైపు చూసింది. "ఈసారి నీ వడ్లు నేను కొరుకుత. నేను పొమ్మన్నంకనే నువ్వు మిషను కాడికి పోవాలె."

"సరే," అన్నాడు.

"ఇప్పుడు నాయి కొరుకు."

ఆయన మూడు గింజలు తీసి కొరికాడు. మూడూ టక్కుమన్నాయి. ఇంత గట్టి చప్పుడు తన నోట్లోంచి విని చాలాకాలమైంది. "పోవచ్చు," అన్నాడు. మిషను పద్నాలుగు చూపించింది. ఈ సంగతంతా విన్న భవాని కట్టడి మార్చింది. రామయ్య పొమ్మన్నవే కాదు, వద్దన్నవి కూడా మిషను చూస్తుంది. పన్నుకు ఆమె అంతకంటే పెద్ద శిక్ష ఏమీ వేయలేదు.

పది రోజులకు చెంచురామయ్య ఇంటి ముందు వడ్లు ఆరబోశాడు. నాలుగో రోజు పొద్దున జంపక్క వచ్చింది. నోరు పుక్కిలించింది. తూర్పుకు తిరిగింది. అడుగునుంచి, నడుమనుంచి, పైనుంచి మూడు గింజలు తీసింది. కొరికింది. మూడు చప్పుళ్లూ అరుగు మీద కూర్చున్న సుబ్బరత్నం దాకా వినబడ్డాయి.

"ఇంకో రెండు రోజులు," అన్నది జంపక్క.

చెంచురామయ్య ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. గోదావరి వైపు ఆకాశంలో మాత్రం గోరంత మబ్బు ఉంది. ఆయన ఒక గింజ నోట్లో వేసుకోబోయి, చేయి దించేశాడు. "సరే," అన్నాడు.

ఆమె వెళ్లాక సుబ్బరత్నం అరుగు దిగి వచ్చింది. చెవులు తనకూ ఉన్నాయని, కావాలంటే ఆ మబ్బు చూడమని, ఎవరైనా కావాలనే ముంచుతుంటే మునగడం ఏ పురాణంలో ఉందో చెప్పమని అడిగింది. ఆయన వడ్లలో కాళ్లు ఈడుస్తూ చాళ్లు తిప్పుతున్నాడు. ఏ పురాణంలోనూ లేదని ఒప్పుకున్నాడు. మాట ఇచ్చానన్నాడు. మాట ఇచ్చి అడవికి పోయిన కథ మాత్రం ఉందన్నాడు. ఆ అడవిలోనే మనం ఉన్నాం, ఇంకెక్కడికి పోతాం అని సుబ్బరత్నం అన్నది గానీ, పట్టాలు దులపడానికి ఆమే ముందు వెళ్లింది.

ఆ రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నానికి మబ్బు కొండలాగా పైకి లేచింది. గాలి తిరిగింది. చెంచురామయ్య, సుబ్బరత్నం వడ్లు కుప్పకు లాగుతుంటే చినుకు మొదలైంది. అరవై బస్తాల వడ్లు, రెండు చేతులు, ఇంకో రెండు చేతులు. రాముడు ఈసారి చెవి లాగకుండా నేరుగానే చెబుతున్నట్టున్నాడని ఆయన అనుకున్నాడు. తప్పేమీ కనబడలేదు. తనకు రావలసిందే.

అప్పుడు వాగు వైపునుంచి జంపక్క, దుర్గ పరుగెత్తుకుంటూ వచ్చారు. దుర్గ నెత్తి మీద కొత్త పట్టా మడత ఉంది. ఈ ఏడే కొన్నది. నలుగురూ కలిసి కుప్ప లాగి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. ఒక అంచు లేస్తుంటే జంపక్క దాని మీదే కూర్చున్నది. పది నిమిషాలు బాగా కురిసి, మబ్బు మణుగూరు వైపు పోయింది.

ఎండ వచ్చాక ఆమె లేచి, పట్టా ఎత్తి, చేయి లోపలికి పెట్టి ఒక గింజ తీసింది. కొరికింది.

"పోవచ్చు," అన్నది.

చెంచురామయ్య కూడా ఒకటి తీసి కుడివైపు కొరికాడు. టక్కుమన్నది. "నిన్న ఎండలేదా జంపక్కా?" అని అడిగాడు.

జంపక్క బుగ్గ మీద చేయి పెట్టుకొని ఆలోచించింది. "ఏమో రామయ్యా. నాక్కూడ గుంట పడ్డదేమో. ఆ డాక్టరమ్మ ఏ దినం ఉంటది?"

ఎదురుగా ఆమె పళ్లు కానుగ పుల్లతో తోమినవి, ఒక్క మచ్చ లేకుండా తెల్లగా మెరుస్తున్నాయి. చెంచురామయ్య వాటిని చూశాడు.

"ఆదివారం ఉండదు," అన్నాడు. "మిగతా రోజుల్లో అయితే ఎనిమిది గంటల బస్సుకు పోవాలి. ముందు దర్శనం చేసుకుంటే నయం."

"అవ్ మరి," అన్నది జంపక్క. "తిన్నవా?"